మట్టి ముంత
పల్వంకర్ బాలూ జీవితము

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 9:43, గలతీయులకు 2:11–14



పేతురు యొప్పేలో ఎవరి యింట దిగెనో లూకా మరువక వ్రాసియున్నాడు. అది చర్మకారుడైన సీమోను ఇల్లు. చచ్చిన పశువు తోలు ముట్టువానిని ఆ కాలపు యూదులు అపవిత్రుడని ఎడముగా ఉంచెడివారు. అట్టివాని యింట అపొస్తలుడు అనేక దినములు నివసించెను. అదే పేతురు అంతియొకయలో, యెరూషలేము మనుష్యులు కొందరు రాగానే, అన్యజనులతో భోజనము మాని వెనుకకు తీసెను. పౌలు అందరి యెదుట ఆయనను నిలదీసెను. ఇద్దరు మనుష్యుల సంగతి కాదిది, ఒక్కడిదే. తోలుపనివాని కప్పు క్రిందికి పోగలిగినవాడు తరువాత బల్లయొద్దనుండి లేచిపోయెను.

ఈ నెల మనము తలంచుకొను మనుష్యుడు క్రైస్తవుడు కాడు. పల్వంకర్ బాలూ హిందువుగా పుట్టి హిందువుగానే కన్నుమూసెను. అయినను తోలుపనివారి కులమున పుట్టి, తన చేతి నేర్పుచేత ఒక జట్టులో చోటు సంపాదించుకొనుటకు ఆయన పడిన పాటు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల మన పెద్దలు వినిన యెడల తమ యింటి కథయే అనుకొందురు.

ఆయన పుట్టిన ఊరు మనకు మరీ దూరము కాదు. గద్వాలనుండి రాయచూరు మీదుగా పడమటికి పోయిన ధార్వాడ. జననము 1875–76 ప్రాంతమున. కులము చమార్లు. తండ్రికి పూనా దాపున కిర్కీలోని సైన్యపు మందుగుండు కార్ఖానాలో కొలువు దొరికినందున కుటుంబము అచ్చటికి చేరెను. తెల్లదొరలు ఆడి పారవేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, అతని తమ్ముడు శివరామ్ ఆట నేర్చుకొనిరి.

చదువు మధ్యలో మాని బాలూ పూనాలోని పార్సీల క్రికెట్ క్లబ్బులో పనికి కుదిరెను. పిచ్ ఊడ్చుట, రోలరు లాగుట అతని పని. జీతము నెలకు 3 రూపాయలు. కొంతకాలమునకు యూరోపియనుల పూనా క్లబ్బుకు మారగా ఒక రూపాయి హెచ్చి 4 రూపాయలాయెను. అచ్చట నేల చదును చేయుట, సున్నపు గీతలు గీయుట, నెట్లు కట్టుట అతని వంతు. క్లబ్బు సభ్యులలో ఒకడు ఈ పనివాని చేతికి బంతి యిచ్చి నెట్లలో వేయుమనెను. అతడు ఎడమచేతి బౌలరు. మెల్లగా వేసినను బంతి ఏ వైపు తిరుగునో బ్యాటు పట్టినవానికి అంతుపట్టకుండెడిది.

ఆ క్లబ్బులో కెప్టెన్ జె. జి. గ్రెగ్ గొప్ప బ్యాట్స్‌మన్. ఆయన ఇతరులకంటె ఒక గంట ముందుగా వచ్చి బాలూ చేత బంతులు వేయించుకొనెడివాడు. బాలూ తనను ఔటు చేసినప్పుడెల్ల ఎనిమిది అణాలు ఇచ్చెడివాడని చెప్పుకొందురు. ఆ మాట నిజమైన యెడల ఎనిమిది మారులు ఔటు చేసిన ఒక నెల జీతము. ఏది యెట్లున్నను, సంవత్సరముల తరబడి దినదినము గంటలకొలది బంతులు వేసిన ఆ కుఱ్ఱవానికి ఆ నెట్లలో ఒక్కసారియు బ్యాటు పట్టుకొను అవకాశము రాలేదు. బ్యాటింగు దొరల వినోదము, బౌలింగు నౌకరు పని.

నౌకరు పనిలోనే చేయి సిద్ధమాయెను. యెష్షయి కుమారుడు కూడ గొఱ్ఱెలయొద్దనే వడిసెల నేర్చుకొనెను గదా!

పూనా హిందువుల జట్టు ఆ ఊరి యూరోపియనులను ఓడింపవలెనని పట్టుదలతో నుండెను. ఆ దొరలకే బంతులు వేయుచున్న బాలూ పేరు వారి చెవిని పడెను. తీసుకొందమా వద్దా అని జట్టులో తర్జనభర్జనలు జరిగెను. ఆ జట్టులోని తెలుగువారు కొందరు బాలూను తీసుకొనవలెననిరి. స్థానిక బ్రాహ్మణ సభ్యులు ఒప్పుకొనలేదు. గ్రెగ్ కలుగజేసికొని, అంతటి బౌలరును వదులుకొనుట హిందువుల తెలివితక్కువ అని పత్రికకు ఎక్కించెను. తుదకు బాలూకు చోటు దొరికెను.

తెలుగువారు అనగానే మన ఛాతీ ఉబ్బవచ్చును, కాని తొందరపడవద్దు. వారు ఇప్పించినది మైదానములో చోటు మాత్రమే. తేనీటి వేళకు జట్టంతయు పెవిలియన్ లోనికి పోయి పింగాణీ కప్పులలో త్రాగుచుండగా బాలూకు బయట మట్టి ముంతలో పోసెడివారు. త్రాగిన పిమ్మట ఆ ముంతను పారవేయవలెను. ముఖము కడుగుకొనదలచిన, అంటరాని కులపు నౌకరు ఒకడు కెటిలు తెచ్చి మైదానపు మూలను నీళ్లు పోయవలెను. భోజనము వేరే పళ్లెమున, వేరే బల్లపై. అతని చేతినుండి వచ్చిన బంతినే అందరును పట్టుకొనుచున్నారు, విసరుచున్నారు. బంతికి లేని మైల కప్పుకు ఎట్లు వచ్చెనో ఆ విద్వాంసులలో ఎవరును విప్పి చెప్పినట్లు లేదు.

మన పల్లెల హోటళ్లలో చూరున దోపియుంచిన వేరు గ్లాసు సంగతి నేను వ్రాయనక్కరలేదు. దానిని తీసి, త్రాగి, తామే కడిగిపెట్టిన చేతులు మన సంఘములలో ఇంకను ఉన్నవి. అంతకంటె చెప్పుటకు కష్టమైనది వేరొకటి కలదు. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె విరిచిన మనమే, పెండ్లి మాటలు వచ్చునప్పటికి ఎదుటివారు పూర్వము ఏ గేరి వారని మెల్లగా విచారింతుము. అంతియొకయలో లేచిపోయిన పేతురును తప్పుపట్టుట సులభము.

బాలూ ఏమి చేసెను? గొడవపడలేదు, మానుకొనలేదు. ముంత పారవేసి మరల బంతి అందుకొనెను. ఇది ఓర్పా, లేక వేరు దారి లేకనా అని నేను చాల ఆలోచించితిని. రెండును అయియుండునని తోచుచున్నది.

పూనా హిందువులు యూరోపియనులను గెలిచిరి. తరువాత సతారాలోని తెల్లవారి జింఖానాతో ఆడబోయిరి. అచ్చటి దొరలు బాలూ బంతి తిరుగకుండ వారము దినములు పిచ్‌పై రోలరు నడిపించిరి. అయినను బాలూ 7 వికెట్లు తీసెను. పూనాకు తిరిగి వచ్చిన జట్టుకు సభ చేసినప్పుడు న్యాయమూర్తి మహాదేవ గోవింద రనడే బాలూ మెడలో దండవేసి, కలిసి ఆడగలిగినవారు కలిసి తినుటకు త్రాగుటకు ఎందుకు వెనుదీయవలెనని జట్టువారిని మందలించెను. ఆ సభలో కూర్చున్నవారిలో ముంత అందించినవారును ఉండి యుందురు.

కుటుంబము బొంబాయి చేరిన పిమ్మట, 1896లో, అచ్చటి పరమానందదాస్ జీవన్‌దాస్ హిందూ జింఖానా ఆయనను చేర్చుకొనెను. అచ్చటను మొదట కొందరు అడ్డు చెప్పిరి. కాని ఆ జింఖానాలో కాలక్రమమున బాలూకును తమ్ములకును కాఫీ గది తలుపు తెరిచిరి. తోడి ఆటగాండ్లతో ఒకే గదిలో, ఒకే తీరు పాత్రలలో! 1906 ఫిబ్రవరిలో హిందువులు యూరోపియనులను 109 పరుగుల తేడాతో ఓడించిరి. ఆ ఆటలో బాలూ రెండు ఇన్నింగ్సులలో కలిపి 8 వికెట్లు తీసెను. ఊరంతయు గెలుపును గూర్చి మాటలాడుచుండగా ఇండియన్ సోషల్ రిఫార్మర్ అను పత్రిక కాఫీ గది తలుపును గూర్చి వ్రాసి, ఆ మార్పును జాతికి మేలుగా ఎంచెను. ఆ సంపాదకుడు చూడవలసినదానిని చూచెను.

1911లో పటియాలా మహారాజు నాయకత్వమున భారత జట్టు ఇంగ్లండుకు పోయెను. బాలూ, శివరామ్ ఇద్దరును అందులో ఉండిరి. 23 ఆటలలో జట్టు గెలిచినవి 6 మాత్రమే, కాని బాలూ ఒక్కడే 114 వికెట్లు తీసెను. అప్పటికి ఆయనకు ముప్పదియైదు దాటినవి, భుజము నొప్పి పెట్టుచుండెను. తిరిగి వచ్చినప్పుడు బొంబాయిలోని అణగారిన కులములవారు ఆయనకు సన్మానము చేసిరి. ఆ సన్మాన పత్రము వ్రాసినవాడు భీమరావు అంబేడ్కర్ అను యువకుడని చెప్పుదురు.

ఇట్లు జట్టులో చోటు స్థిరపడెను. జట్టు నాయకత్వము మాత్రము రాలేదు. బొంబాయిలో ఏటేట యూరోపియనులు, పార్సీలు, హిందువులు, 1912 నుండి ముస్లిములు కూడ మతముల వారీగా ఆడుచుండిన పోటీలో హిందువులకు బాలూకంటె అనుభవజ్ఞుడు లేడు. 1910 మొదలుకొని ఆయన పేరు ఎవరో ఒకరు ఎత్తుచునే యుండిరి, ప్రతిమారు వేరొక పేరు ప్రకటింపబడుచునే యుండెను. 1913లో నాయకుడైన ఎం. డి. పాయ్ బ్రాహ్మణుడు. తన్ను గౌరవించిన సభలోనే ఆయన, ఈ పదవి తనకంటె పెద్దవాడైన బాలూకు దక్కవలసినదని నిస్సంకోచముగా చెప్పెను. పాయ్‌ను మనము మరువరాదు. ఒక బల్లయొద్ద కూర్చున్నవాడు లేచి, ఈ చోటు నాది కాదని చెప్పుట అరుదు. అయినను చెప్పి కూర్చుండిపోయెను గదా అని మీరు అనవచ్చును. అదియు నిజమే.

1920లో తమ్ములు శివరామ్, విఠల్ ఓర్వలేక, ఈ అన్యాయమును బహిరంగముగా ప్రకటించి జట్టునుండి తొలగిరి. అప్పుడు కమిటీ దిగివచ్చి బాలూను ఉపనాయకునిగా చేసెను. పార్సీలతో జరిగిన ఆఖరి ఆటలో పాయ్ కొంతసేపు కావలెననియే మైదానము వెలుపలికి పోయి, జట్టును బాలూ చేతికి అప్పగించెను. బాలూకు దొరికిన నాయకత్వము అంతే.

1923లో చిన్న తమ్ముడు విఠల్‌ను నాయకునిగా చేసిరి. ఆ యేట హిందువులు ఆఖరి ఆటలో యూరోపియనులను గెలిచిరి. పై కులముల యువకులు విఠల్‌ను భుజములపై ఎత్తుకొని తిరిగిరి.

ఇట్టి గోడ మన దేశమున మాత్రమే ఉండెనని తలంపవద్దు. అమెరికాలో బేస్‌బాల్ అను ఆట కలదు. అందును ఒకడు బంతి విసరును, ఒకడు కఱ్ఱతో కొట్టును. అక్కడి పెద్ద జట్లలో అరువది యేండ్లు నల్లవారికి చోటు లేకుండెను. జాకీ రాబిన్సన్ 1946 అంతయు మాంట్రియల్‌లోని చిన్న జట్టులో ఆడి, 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ పెద్ద జట్టులో అడుగుపెట్టెను. అతడును, అతనిని ఏరుకొన్న బ్రాంచ్ రికీయు మెథడిస్టు క్రైస్తవులు. కాని ఆ దేశపు తెల్లవారి సంఘములు పెక్కు ఆ అరువది యేండ్లును ప్రతి ఆదివారము పాటలు పాడుచునే యుండెను.

బాలూ చివరి దినములను గూర్చి దాచక చెప్పవలెను. 1932లో అణగారిన కులములకు ప్రత్యేక నియోజకవర్గముల విషయమై గాంధీగారు యెరవాడ చెరలో నిరాహారదీక్ష పట్టినప్పుడు, అంబేడ్కర్‌ను ఒప్పందమునకు ఒప్పించుటకు పాటుపడినవారిలో బాలూ ఒకడు. సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడికపై ఆయన సంతకము కలదు. 1937లో కాంగ్రెసు ఆయనను బొంబాయి శాసనసభకు అంబేడ్కర్‌కే ఎదురు నిలిపెను. బాలూకు 11,225 ఓట్లు, అంబేడ్కర్‌కు 13,245 ఓట్లు వచ్చెను. ఒకనాడు తన్ను వీరునిగా ఎంచిన యువకుని చేతనే ఆయన ఓడిపోయెను. ఆయన వాడబడెనని కొందరందురు. మెల్లగా తెరచుకొనిన తలుపులను చూచినవాడు గనుక, ఇంకను తెరచుకొనునని నమ్మెనని నాకు తోచును. అంబేడ్కర్ చూచినది మూసియున్న తలుపులను. ఇద్దరు చూచినదియు అబద్ధము కాదు.

భారత జట్టు మొదటి టెస్టు ఆట 1932 జూన్‌లో ఇంగ్లండులోని లార్డ్స్ మైదానమున ఆడెను. దాని నాయకుడు మన తెలుగువాడైన సి. కె. నాయుడు. అప్పటికి బాలూ వయస్సు ఏబదియారు దాటినందున టెస్టు ఆట ఆయన భాగ్యమున లేకపోయెను. పెద్ద ఆటలు 33 ఆడి 179 వికెట్లు తీసిన లెక్క మాత్రము మిగిలినది.

హోటళ్లలో ప్రజలందరికై ఉంచిన పాత్రలను అంటరానివారని ఎవరికిని నిరాకరించుట శిక్షార్హమైన నేరమని చేసిన చట్టము 1955 జూన్ 1న అమలులోనికి వచ్చెను. ఆ యేటనే జూలై 4న బాలూ బొంబాయిలో మరణించెను.