చచ్చిన భూమిని బతికించిన కార్వర్

ఒక పసిబిడ్డ ఖరీదు ఒక పందెపు గుర్రం! అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో డైమండ్ అనే పల్లె దగ్గర మోజెస్ కార్వర్ అనే రైతు ఉండేవాడు. ఆయన ఇంట్లో బానిసగా ఉన్న మేరీ అనే స్త్రీకి 1864 ప్రాంతంలో ఆ బిడ్డ పుట్టాడు. బానిసల పిల్లలు ఏనాడు పుట్టారో రాసిపెట్టే శ్రద్ధ అప్పట్లో ఎవరికీ లేదు. అంతర్యుద్ధం నాటి అరాచకంలో ఒక దోపిడీ మూక ఆ తల్లినీ బిడ్డనూ ఎత్తుకుపోయింది. వెతకడానికి వెళ్ళిన మనిషి బిడ్డను మాత్రమే తేగలిగాడు. అందుకు ప్రతిఫలంగా మోజెస్ తన గుర్రాన్ని ఇచ్చాడంటారు. తల్లి జాడ మాత్రం మళ్ళీ తెలియలేదు. బతకడనుకున్న ఆ పిల్లవాడే జార్జి వాషింగ్టన్ కార్వర్.

కార్వర్ పేరు మన సంఘాలకు కొత్త కాదు. దేవుణ్ణి అడిగి పల్లికాయ రహస్యాలు తెలుసుకున్న శాస్త్రవేత్తగా ఆయన చాలా ప్రసంగాల్లో కనిపిస్తాడు. పల్లీల నుంచి ఆయన వందల వస్తువులు తయారుచేసిన మాట నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం బజారు ముఖం చూడలేదు. పల్లీల వెన్నను కనిపెట్టింది ఆయనే అన్నది కూడా సరికాదు, అది అంతకు ముందే ఉంది. మా దృష్టిలో ఆయన చేసిన అసలు పరిచర్య పల్లికాయలో లేదు, అది కాసే మట్టిలో ఉంది. సేద్యమే బతుకుగా ఉన్న మా నారాయణఖేడ్ వైపు విశ్వాసులకు ఆ కథే ఎక్కువ దగ్గరగా ఉంటుంది.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, సుసాన్ దంపతులు జార్జినీ అతని అన్న జిమ్‌నూ తమ దగ్గరే పెంచారు. జార్జిది బలహీనమైన ఒళ్ళు. బరువు పనులు చేతకాక ఇంటి పనుల్లో, పెరటి మొక్కల్లో పడ్డాడు. వాడిపోతున్న మొక్కను చూపిస్తే తేరుకునేలా చేస్తాడని ఇరుగుపొరుగు అతనికి మొక్కల డాక్టరని పేరు పెట్టారు. చదువు కోసం నియోషో పట్టణానికి వెళితే మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి విశ్వాసురాలు తన ఇంట్లో చోటిచ్చింది, చేతికి ఒక బైబిలు కూడా ఇచ్చింది. తర్వాత కాన్సాస్‌లోని ఒక కాలేజీ ఉత్తరం ద్వారా సీటు ఇచ్చి, తీరా మనిషి ఎదురుగా నిలబడ్డాక నల్లవాడని వెనక్కి పంపింది. కొన్నేళ్ళు ఎక్కడెక్కడో బట్టలుతికి, వంటలు చేసి బతికాడు. 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చిత్రలేఖనం విద్యార్థిగా చేరాడు. అక్కడి టీచరమ్మ ఎట్టా బడ్ అతనికి మొక్కల మీదున్న ప్రేమను గమనించి ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు దారి చూపింది. ఆ కళాశాలలో మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్స్ పూర్తిచేశాడు.

అదే సంవత్సరం బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వచ్చాడు. మంచి ప్రయోగశాల ఉన్న చోటును వదిలి, ప్రయోగశాలే లేని చోటికి రావడమంటే చిన్న విషయం కాదు. చెత్తకుప్పల్లో దొరికిన సీసాలు, పాత గిన్నెలు ఏరుకొచ్చి, విద్యార్థులతో కలిసి ప్రయోగశాల సిద్ధం చేసుకున్నాడు.

అక్కడి పొలాలు కూడా దాదాపు చెత్తకుప్ప స్థితిలోనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి పత్తి మీద పత్తి వేశారు. వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి గండ్లు పడేవి. ఎండ కాస్తే గట్టిపడేది. నేలలో ఆకు అలము కుళ్ళి కలిసిన నల్లని భాగమే సేంద్రియ పదార్థం. అది స్పంజిలా వాన నీటిని పట్టి ఉంచుతుంది, వేర్లకు ఆహారాన్ని నిదానంగా అందిస్తుంది, కంటికి కనిపించని కోట్ల జీవులకు ఇల్లవుతుంది. అది పోయాక మిగిలేది ఉత్త దుమ్మే. వేడి దేశాల్లో అది మరీ త్వరగా కరిగిపోతుంది గనుక ఏటేటా తిరిగి ఇవ్వాల్సిందే. ఈనాడు మన భూసార పరీక్షల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి లోపుంటే తక్కువ అని రాస్తారు. చెలకల్లోనే కాదు, ఏటా పత్తి వేసే నల్లరేగడిలోనూ ఆ మాట కనిపిస్తూనే ఉంటుంది. పశువులు తగ్గాయి, పెంటకుప్పలు తగ్గాయి, పత్తి కట్టెను చేనులోనే కాల్చేస్తున్నారు. అలబామా మనకు అంత దూరమేమీ కాదు.

టస్కీగీలో ప్రయోగాలకని కార్వర్‌కు ఇచ్చిన పొలం కూడా అలాంటిదే. మొదట్లో అది నష్టమే తెచ్చింది. ఆయన లోతుగా దున్నించాడు, గండ్లను కొమ్మలు, ఆకులు, పాత పత్తి కట్టెలతో పూడ్పించాడు. అడవిలో రాలిన ఆకులు, చిత్తడి నేలల నల్లమట్టి తెప్పించి వేయించాడు. పత్తికి బదులు బొబ్బర్లు వేయించాడు. గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చే గుణం పప్పుజాతి మొక్కల వేర్లకు ఉందని రైతులకు చూపించాడు. (తీగను మొత్తం పీకి తీసుకుపోతే ఆ లాభం నేలకు పెద్దగా మిగలదు. తీగ అయినా, దాన్ని మేసిన పశువు పేడ అయినా చేనుకు తిరిగి రావాలి.) కొన్నేళ్ళకు ఆ పొలం లాభం ఇచ్చింది. ఎలా చేశాడో రాసి, 1905లో, సారం పోయిన నేలలను బాగుచేయడం గురించి చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు.

యేసుప్రభువు చెప్పిన ఉపమానాల్లో ఎరువు ప్రస్తావన ఉన్నది ఒకటుంది (లూకా 13:6-9). మూడేళ్ళుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. తోటమాలి మాత్రం ఇంకొక్క ఏడాది గడువడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. సాధారణంగా మనం ఆ గడువు గురించే బోధిస్తాం, తోటమాలి చేతికంటిన పెంట గురించి కాదు. కార్వర్ జీవితం చూస్తే ఆ తోటమాలే గుర్తొస్తాడు. ఆదికాండంలో ఆదాము పేరు, నేల అనే మాట హెబ్రీలో ఒకే ధాతువుకు చెందినవి. ఏదెను తోటను సాగుచేయడానికి అక్కడ వాడిన క్రియకు సేవ చేయడం అనే అర్థం కూడా ఉంది (ఆది 2:15).

బడికి రాలేని రైతుల దగ్గరికి బడే వెళ్ళాలని 1906లో ఒక బండిని తయారుచేయించాడు. జెసప్ బండి అని దానికి పేరు. పనిముట్లు, విత్తనాలు నింపుకొని అది పల్లె పల్లెకూ తిరిగేది. అంగడి ఎరువు కొనలేనివాడు తన చుట్టూ ఉచితంగా దొరికేదాన్నే వాడుకోవాలన్నది ఆయన పట్టు. అప్పుచేసి బస్తా తేవడం ఆనాటి అలబామా రైతుకూ అలవాటే. మన దగ్గర 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు గదా, కార్వర్ చిత్తడి మట్టి మోయించింది ఇందుకే.

1907 నుంచి సుమారు ముప్ఫై ఏళ్ళు ఆదివారాల్లో విద్యార్థులకు బైబిలు తరగతి నడిపాడు. తెల్లవారకముందే లేచి అడవిలో నడుస్తూ ప్రార్థించడం ఆయన అలవాటు. తన పరిశోధనకు ప్రేరణ దేవుడిదేనని బాహాటంగా చెప్పినందుకు 1924లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో తప్పుపట్టింది, శాస్త్రవేత్తలు మాట్లాడే తీరు అది కాదంది. ఆయన నొచ్చుకుని జవాబు రాశాడు. మాకైతే ఇందులో పేచీ కనిపించదు. ఏమ్స్‌లో చదివిన చదువునూ తెల్లవారుజామున చేసిన ప్రార్థననూ ఆయన వేరువేరు గదుల్లో పెట్టుకోలేదు.

అయితే ఆయన పిలుపు అందరికీ అందలేదు. చాలామంది రైతులు పాలుకు చేసేవారే. పత్తే వెయ్యాలని భూస్వామి పట్టుబట్టేవాడు, వచ్చే ఏడాది ఆ చేను తనకే ఇస్తాడో లేదో తెలియదు. మట్టి బాగుపడటానికి నాలుగైదేళ్ళు పడుతుంది, వాళ్ళ చేతిలో ఉన్నది ఒక్క ఏడాది. పరాయి భూమికి బండ్ల కొద్దీ ఆకులు ఎందుకు మోయాలి? ఈ ప్రశ్నకు కార్వర్ దగ్గర జవాబు లేదు. నారాయణఖేడ్‌లో కౌలుకు చేసే తమ్ముడు ఇదే అడిగితే మా దగ్గరా లేదు. గింజ తీసుకున్నా కట్టె, పొట్టు చేనుకే వదలాలనీ, కౌలు కనీసం నాలుగేళ్ళకు రాసుకోవాలనీ భూమి ఉన్న విశ్వాసులు ఒప్పుకుంటే కొంత దారి దొరుకుతుంది. అది కౌలుదారు చేతిలో లేదు, పట్టాదారు చేతిలో ఉంది.

1936లో, డెబ్భై దాటిన వయసులో కూడా ఆయన భూసారం నిలబెట్టుకోవడం మీద ఇంకో చిన్న పుస్తకం రాశాడు. పెళ్ళి చేసుకోలేదు, జీతం పెంచమని అడగలేదు. కూడబెట్టిన డబ్బు పరిశోధనల కోసం తన పేరిట ఏర్పడిన సంస్థకు ఇచ్చేశాడు. 1943 జనవరి 5న టస్కీగీలో కన్నుమూశాడు. బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కనే, తాను నలభై ఏడేళ్ళు బోధించిన చోటే, ఆయన్ని మట్టికి అప్పగించారు.