పురిటి నొప్పుల్లోనూ కుంచె వదల్లేదు.. ఫ్రాన్స్ రాణి బొమ్మలేసిన ఎలిజబెత్ కథ

సంపాదన మొత్తం సవతి తండ్రి చేతికి. పెళ్లయ్యాక భర్త చేతికి. ఒళ్లో పాప, ఊళ్లో పుకార్లు, ఆ తర్వాత ఏకంగా దేశంలోనే విప్లవం. ఇన్నిటి మధ్య ఓ మహిళ 650కి పైగా పోర్ట్రెయిట్లు వేసింది. ఆమే ఎలిజబెత్ విజే లెబ్రన్. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ ముఖం ఎలా ఉండేదో ఇవాళ మనకు తెలుస్తోందంటే, ఎక్కువగా ఈమె వేసిన బొమ్మల పుణ్యమే. ఇంతకీ ఇల్లు, బిడ్డ, బాకీలు, ప్రయాణాలు.. అన్నీ చూసుకుంటూ ఆమెకు బొమ్మలేసే టైమ్ ఎక్కడ దొరికింది?

ఎలిజబెత్ 1755లో పారిస్‌లో పుట్టింది. తండ్రి లూయీ విజే పాస్టెల్ రంగులతో పోర్ట్రెయిట్లు వేసేవాడు. చదువుకోవడానికి కాన్వెంట్‌లో వేస్తే, ఈ పిల్ల పుస్తకాల అంచుల్లోనూ గోడల మీదా తలకాయలు గీసేసేది. తిట్లు తప్పేవి కావు. తండ్రి మాత్రం కూతురు గీసిన ఓ గడ్డపాయన బొమ్మ చూసి మురిసిపోయాడు, ఇది పెయింటర్ అవుతుందని అప్పుడే అనేశాడు. ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. గొంతులో చేపముల్లు దిగి, అది ముదిరి 1767లో ఆయన చనిపోయాడు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు.

తల్లి హెయిర్ డ్రెస్సర్. తమ్ముడు ఎటియెన్ చిన్నవాడు, వాడి బడి ఖర్చు ఉంది. ఏడుస్తూ కూర్చుంటే పూట గడవదు. టీనేజ్‌లోనే ఎలిజబెత్ డబ్బులు తీసుకుని జనం బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. తల్లి ఓ నగల వ్యాపారిని మళ్లీ పెళ్లి చేసుకుంది. అతగాడు ఎలిజబెత్ తెచ్చిన ప్రతి పైసా లాక్కునేవాడు. అంతే కాదు, చనిపోయిన తండ్రి బట్టల్ని సైజు కూడా మార్పించకుండా తనే వేసుకుని తిరిగేవాడట. డబ్బు పోయినందుకన్నా ఆ బట్టలు చూసినప్పుడే ఆమెకు కడుపు మండేది.

1774లో ఇంకో దెబ్బ. సంఘంలో సభ్యత్వం లేకుండా పని చేస్తోందని అధికారులు వచ్చి ఆమె స్టూడియోకు సీలు వేశారు. 19 ఏళ్ల పిల్ల బెదిరిపోలేదు. అదే ఏడాది సెయింట్ లూక్ అకాడమీలో సభ్యత్వం సంపాదించి మళ్లీ పనిలో పడింది.

సవతి తండ్రి పోయి భర్త వచ్చె

1776లో ఎలిజబెత్ పెళ్లి జరిగింది. వరుడు జాన్ బాప్టిస్ట్ పియెర్ లెబ్రన్, పెయింటింగ్స్ కొని అమ్మే డీలర్. వాళ్ల కుటుంబం ఉన్న బిల్డింగ్‌లోనే ఉండేవాడు. అతని దగ్గరున్న గొప్ప గొప్ప పెయింటింగ్స్ అరువు తెచ్చుకుని ఆమె కాపీ చేస్తూ నేర్చుకుంది. ఆ మేలు నిజమే, కాదనలేం. కానీ మనిషికి జూదం పిచ్చి, ఆడవాళ్ల పిచ్చి. భార్య ఫీజులన్నీ తనే వసూలు చేసుకుని ఖర్చు పెట్టేసేవాడు.

అదీ చాలక, ఆదాయం పెరుగుతుందని ఆమెతో పెయింటింగ్ క్లాసులు పెట్టించాడు. వచ్చిన అమ్మాయిల్లో కొందరు ఆమె కంటే పెద్దవాళ్లే. వాళ్ల తప్పులు దిద్దడంతోనే రోజు గడిచిపోయేది, సొంత పని మూలనపడేది. ఓ రోజు వచ్చి చూస్తే శిష్యురాళ్లు స్టూడియో దూలానికి తాడు కట్టి హాయిగా ఉయ్యాల ఊగుతున్నారు! ఎలిజబెత్ గట్టిగానే చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత తనూ ఎక్కి ఊగింది. కొన్నాళ్లకే క్లాసులు మానేసింది. డబ్బు తగ్గినా సరే, తన పొద్దు తనకు కావాలనుకుంది.

పురుడు ఇవాళ వద్దు, రేపు సిట్టింగ్ ఉంది

1780 ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇంకా విచిత్రం. నిండు గర్భిణి అయిన ఎలిజబెత్, మన్మథుడి రెక్కలు కట్టేస్తున్న వీనస్ బొమ్మ వేస్తోంది. పొద్దున్నే ఓ స్నేహితురాలు ఇంటికొచ్చింది. పురిటికి కావాల్సినవి ఏమైనా సిద్ధం చేశావా అని ఆరా తీస్తే, ఏమీ లేవు! కాన్పు ఇవాళే అయ్యేలా ఉందని ఆవిడ అంటే, రేపు ఒకరికి సిట్టింగ్ ఇచ్చాను కాబట్టి ఇవాళ కాన్పు కావడం కుదరదని ఎలిజబెత్ వాదన. నొప్పికీ నొప్పికీ మధ్య కుంచె పట్టుకుంటూనే ఉంది. ఆ రాత్రే పాప పుట్టింది. పేరు జూలీ. ఇది చదివి ఆహా అనుకోవడం తేలికే, కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కుంచె వల్లేనన్న సంగతి మరిచిపోకూడదు.

రాణితో పరిచయం 1778 నుంచే. మరోసారి గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో బాగోక రాణి సిట్టింగ్‌కు వెళ్లలేకపోయింది. మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వెర్సాయ్ ప్యాలెస్‌కు పరిగెత్తింది. రాణి బయటికి వెళ్లే ప్రోగ్రామ్ మానుకుని మరీ కూర్చుంది. కంగారులో ఎలిజబెత్ పెట్టె జారవిడిస్తే కుంచెలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. కడుపుతో ఉన్న మనిషి వంగకూడదని మేరీ ఆంటోనెట్ తనే వంగి ఒక్కొక్కటీ ఏరి ఇచ్చింది.

1783లో రాయల్ అకాడమీ సభ్యత్వం కూడా వచ్చింది. మహిళలకు అది దక్కడమే గగనం. అదే ఏడాది రాణిని తెల్లటి పల్చని మస్లిన్ గౌనులో వేస్తే పెద్ద దుమారం లేచింది. లోపలి బట్టలతో రాణినా అని జనం తిట్టిపోస్తే, ఆ బొమ్మను ఎగ్జిబిషన్ నుంచి తీసేయాల్సి వచ్చింది. 1787లో జూలీని ఒళ్లో పెట్టుకుని పళ్లు కాస్త కనబడేలా నవ్వుతున్న సొంత బొమ్మ ప్రదర్శిస్తే, దానికీ విమర్శలే.

తెల్ల గౌను, రంగుల పాలెట్

మరి టైమ్ ఎలా కాపాడుకుంది? ఆమె జ్ఞాపకాల్లో ఓ సరదా సంఘటన ఉంది. ఓ మధ్యాహ్నం ఒక యువరాణి ఇంట్లో విందుకు పిలుపు. మొదటిసారి వేసుకుంటున్న తెల్ల శాటిన్ గౌనుతో తయారైంది. బయల్దేరే ముందు, మొదలుపెట్టిన పోర్ట్రెయిట్‌ను ఒక్కసారి చూద్దామని కుర్చీలో కూర్చుంది. లేచి చూసుకుంటే.. కూర్చున్నది పాలెట్ మీద! గౌనంతా రంగులే. విందుకు వెళ్లలేదు. ఆ రోజు నుంచి పగటిపూట భోజనాల పిలుపులన్నీ బంద్. స్నేహాలన్నీ సాయంత్రం దీపాలు పెట్టాకే. మధ్యాహ్నం మాత్రం కాసేపు నడుం వాల్చేది.

పోర్ట్రెయిట్లు వేసేవాళ్లకు ఆమె రాసిపెట్టిన సూచనలూ ఇలాంటివే. కస్టమర్ రావడానికి అరగంట ముందే అన్నీ సిద్ధం చేసుకుని మనసు కుదుట పెట్టుకోవాలి. సిట్టింగ్ గంటన్నర చాలు, అలాంటివి మూడు నాలుగు. ఎదుటి మనిషికి విసుగొస్తే ముఖం మారిపోతుంది, ఇక బొమ్మ చెడినట్టే.

రాత్రికి రాత్రే ఊరు విడిచి..

1789 అక్టోబర్ 6. రాజు, రాణిని జనం వెర్సాయ్ నుంచి పారిస్‌కు లాక్కొచ్చిన రోజు. రాణి మనిషి అనే ముద్ర ఉంది కాబట్టి ఎలిజబెత్ ఇంటికీ బెదిరింపులు తప్పలేదు, నేలమాళిగలోకి గంధకం కూడా విసిరారు. ఆ రాత్రి పనిమనిషిలా బట్టలు కట్టుకుని, తొమ్మిదేళ్ల జూలీని, పాప గవర్నెస్‌ను వెంటబెట్టుకుని మామూలు ప్రయాణికుల బండెక్కేసింది. లక్షలు సంపాదించిన మనిషి దగ్గర చెప్పుకోదగ్గ సొమ్ము లేదు. అదంతా భర్త దగ్గరే ఉండిపోయింది.

అక్కణ్ణుంచి పన్నెండేళ్ల పైగా పరాయి దేశాలే. టూరిన్, ఫ్లోరెన్స్, రోమ్, నేపుల్స్, వియన్నా.. ఎక్కడ దిగినా ముందు గది వెతుక్కోవడం, ఈజిల్ నిలబెట్టడం, ఆ వెంటనే పని. ఇప్పుడు ఫీజు తన చేతికే వస్తోంది. 1793లో మేరీ ఆంటోనెట్‌ను గిలటిన్‌కు బలిచ్చినప్పుడు ఎలిజబెత్ వియన్నాలో ఉంది. మరుసటి ఏడాది పారిస్‌లో భర్త విడాకులు తీసుకున్నాడు, పారిపోయినవాళ్ల ఆస్తి ప్రభుత్వం పట్టుకుపోకుండా.

1795లో రష్యాకు చేరింది. అక్కడ చక్రవర్తిని కేథరిన్ తన మనవరాళ్ల బొమ్మ చూసి ముఖం చిట్లించింది. చేతులు నగ్నంగా ఉన్నాయని అభ్యంతరం. ఎలిజబెత్ కిమ్మనకుండా మళ్లీ మార్చి వేసింది. అయినా అక్కడ పనికి కొదవలేదు.

కానీ అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. జూలీ పెరిగి పెద్దదై, గేటన్ నిగ్రిస్ అనే సెక్రటరీని పెళ్లి చేసుకుంటానని పట్టుబట్టింది. తల్లికి ససేమిరా ఇష్టం లేదు. చివరికి ఒప్పుకుని కట్నం కూడా ఇచ్చింది, తల్లీకూతుళ్ల మధ్య మాత్రం పూర్వపు చనువు తిరిగి రాలేదు. ఏ బిడ్డ కోసం దేశాలు పట్టుకుని తిరిగిందో ఆ బిడ్డే దూరమైంది. కుంచెకిచ్చిన గంటల్లో కొన్ని జూలీకి ఇచ్చి ఉంటే? జవాబు ఎవరూ చెప్పలేరు. పని ఆపి ఉంటే జూలీకి తిండి, చదువు ఎక్కణ్ణుంచి వచ్చేవన్నదీ ప్రశ్నే.

ఆమెను వెనక్కి రానివ్వాలని 255 మంది కళాకారులు సంతకాలు పెట్టారు. 1802లో పారిస్ చేరింది. ఆ తర్వాత లండన్‌లో రెండేళ్లకు పైనే ఉండి అక్కడా పని చేసింది. జూలీ కూడా కొన్నాళ్లకు భర్తను వదిలి పారిస్ వచ్చింది, కానీ తల్లితో కలిసి ఉండలేదు. 1819లో, 39 ఏళ్లకే చనిపోయింది. మరుసటి ఏడాదే తమ్ముడు ఎటియెన్ కూడా పోయాడు.

ఎలిజబెత్ ఇంకో ఇరవై ఏళ్లకు పైగా బతికింది. ఎనభై ఏళ్ల వయసులో జ్ఞాపకాలు అచ్చు వేయించింది, ఎవరెవరి బొమ్మలు వేసిందో జాబితాతో సహా. 1842 మార్చి 30న పారిస్‌లో కన్నుమూసింది. పారిస్ దగ్గర్లో తను ఇష్టపడి ఇల్లు కొనుక్కున్న లువెసియెన్ ఊళ్లోనే ఖననం చేశారు. సమాధి రాయి మీద పాలెట్, కుంచెలు చెక్కారు. జూలీని రెండు చేతులా హత్తుకున్న తల్లి బొమ్మలు రెండూ ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి.