ఆటను అక్షరాల్లో పెట్టిన కెప్టెన్ - డిక్ ఫిట్జెరాల్డ్

క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు మనలో చాలామందికి కంఠతా వచ్చు. కానీ పైసా జీతం లేకుండా ఆడి, చనిపోయిన తర్వాత కూడా ఒక జిల్లా ప్రజల గుండెల్లో నిలిచిపోయిన ఆటగాడి గురించి మనం తెలుసుకోవాలి. ఆయనే డిక్ ఫిట్జెరాల్డ్.

ఐర్లండ్ దేశానికి నైరుతి మూలన కెర్రీ అనే కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి కిల్లార్నీ పట్టణంలో ఫిట్జెరాల్డ్ 1882లో జన్మించారు. అప్పటికి ఐర్లండ్ కూడా మనలాగే ఆంగ్లేయుల పాలనలో ఉంది. తమ సొంత ఆటలను కాపాడుకోవడానికి ఐర్లండ్ ప్రజలు 1884లో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ స్థాపించుకున్నారు. ఆ ఆటల్లో ముఖ్యమైనది గేలిక్ ఫుట్‌బాల్. ఇందులో బంతిని కాలితో తన్నవచ్చు, చేతితోనూ పట్టుకోవచ్చు. ఆ రోజుల్లో గోల్ చేస్తే 3 పాయింట్లు, అడ్డుకర్ర పైనుంచి పంపితే 1 పాయింటు.

ఊరూరి క్లబ్బులు మొదట తమలో తాము పోటీపడి కౌంటీ విజేతను తేల్చుకుంటాయి. వాటిలోని మేటి ఆటగాళ్ళు కౌంటీ జట్టుగా అఖిల ఐర్లండ్ పోటీలకు వెళతారు. ఫిట్జెరాల్డ్ తన ఊరి క్లబ్బు డాక్టర్ క్రోక్స్ తరఫున ఆడేవారు. కౌంటీ పోటీల్లో కిల్లార్నీకి, ట్రలీ పట్టణానికి గట్టి పోటీ ఉండేది. అయినా కెర్రీ జట్టులోకి వచ్చాక ఇరు ఊళ్ళవారూ భుజం భుజం కలిపి ఆడేవారు.

1903 సంవత్సరపు అఖిల ఐర్లండ్ హోమ్ ఫైనల్ ఆలస్యమై 1905లో జరిగింది. కిల్డేర్ జట్టుతో మూడుసార్లు తలపడితే గాని ఫలితం తేలలేదు. చివరికి కెర్రీ గెలిచింది. అదే ఆ కౌంటీకి తొలి విజయం. ఫిట్జెరాల్డ్ మొత్తం 5 అఖిల ఐర్లండ్ పతకాలు సాధించారు. 1913, 1914లలో కెప్టెన్‌గా వరుసగా జట్టును గెలిపించారు. 1913లోనే క్రోక్ స్మారక టోర్నమెంటులో కెర్రీ, లౌత్ జట్ల ఫైనల్ చూడటానికి జనం వెల్లువలా వచ్చారు. ఆ వసూళ్ళు డబ్లిన్‌లో మైదానం కొనడానికి తోడ్పడ్డాయి. అదే నేటి ప్రఖ్యాత క్రోక్ పార్క్.

అంత పేరు వచ్చినా ఆయన తన విద్యను తనలోనే దాచుకోలేదు. 1914లో గేలిక్ ఫుట్‌బాల్ ఎలా ఆడాలో వివరిస్తూ పుస్తకం రాశారు. ఈ ఆటకు శిక్షణ గ్రంథం అదే మొదటిది. ఒంటి బలం ఒక్కటే చాలదని, బుద్ధితో ఆడాలని, తోటివారితో కలిసి ఆడాలని అందులో నేర్పారు.

1916లో డబ్లిన్‌లో స్వాతంత్ర్య తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాత ఎందరినో నిర్బంధించారు. ఫిట్జెరాల్డ్‌ను కూడా వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరానికి పంపారు. అక్కడ కూడా ఖైదీలు కౌంటీల వారీగా జట్లు కట్టి ఆడారు. కెర్రీ జట్టుకు ఆయనే నాయకుడు. ముళ్ళకంచె వారి ఆటను ఆపలేకపోయింది.

1930 సెప్టెంబరు 28న కెర్రీ, మోనఘన్ జట్ల మధ్య అఖిల ఐర్లండ్ ఫైనల్. సరిగ్గా రెండు రోజుల ముందు ఫిట్జెరాల్డ్ కిల్లార్నీలో ఒక భవనం పైనుంచి పడి మరణించారు. కెర్రీ ఆటగాళ్ళు గుండె దిటవు చేసుకుని మైదానంలోకి దిగారు. 3 గోల్స్, 11 పాయింట్లు సాధించి, మోనఘన్‌ను 2 పాయింట్ల దగ్గరే ఆపేశారు. కప్పు గెలిచారు గాని దాన్ని చూడటానికి పాత కెప్టెన్ లేరు.

ఆయన జ్ఞాపకార్థం కిల్లార్నీలో కొండల చెంత మైదానం కట్టాలని ఊరివారు పూనుకున్నారు. పక్కనే ఉన్న మానసిక చికిత్సాలయం వైద్యుడు, కెర్రీ శిక్షకుడు అయిన ఎమన్ ఓ సులివాన్ పనికి ముందు నిలిచారు. ఆ ఆసుపత్రి రోగులు కూడా మట్టి తవ్వి, నేల చదును చేశారు. 1936లో ఫిట్జెరాల్డ్ స్టేడియం ప్రారంభమైంది. లోకం పక్కన పెట్టిన మనుషుల చెమటతో ఆ మైదానం తయారైంది. ఒక ఆటగాడికి ఇంతకంటే గొప్ప గౌరవం ఏముంటుంది?

మిత్రులారా! మనం కూడా వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చి ఒకే హాస్టల్‌లో ఉంటున్నాం. ఆటలో గెలిచినవాడు గొప్పవాడే. కానీ తనకు తెలిసినది తన తర్వాతివారికి నేర్పి వెళ్ళినవాడు ఇంకా గొప్పవాడు. ఈ ఏడాది హాస్టల్ వదిలి వెళ్ళే అన్నలు చిన్న తరగతుల తమ్ముళ్ళకు ఒక్క ఆటైనా, ఒక్క పాఠమైనా నేర్పి వెళితే అదే ఫిట్జెరాల్డ్ బాట.