బొమ్మలోని మనిషి – రాబర్ట్ స్మాల్స్

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని గురించి రాయమని కార్యదర్శిగారు కోరారు. అచ్చు యంత్రాల మధ్య ముప్ఫైమూడేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కనుక నాకు ముందుగా ఒక అచ్చుబొమ్మే గుర్తుకొచ్చింది.

అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, 1862 జూన్ 14న, న్యూయార్క్ పత్రిక 'హార్పర్స్ వీక్లీ' ఒక నల్లజాతి యువకుడి బొమ్మ, పక్కనే ఒక ఆవిరి ఓడ బొమ్మ వేసింది. ఆనాడు ఫొటోను నేరుగా పత్రికలో అచ్చువేసే వీలు లేదు. చెక్కదిమ్మె మీద చెక్కి అచ్చు తీసేవారు. అంతకుముందు పారిపోయిన బానిసల ప్రకటనల్లో ఒకే చిన్న దిమ్మెను ఎవరికి పడితే వారికి వాడేవారు. ఈ బొమ్మలో మాత్రం సొంత ముఖం ఉంది, కింద పేరుంది.

ఆయనే రాబర్ట్ స్మాల్స్. 1839లో దక్షిణ కరొలైనాలోని బ్యూఫర్ట్‌లో బానిసగా పుట్టారు. యుద్ధంలో దక్షిణాది సైన్యపు 'ప్లాంటర్' ఓడకు చుక్కాని పట్టేవారు. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ముగ్గురూ ఒడ్డుకు వెళ్లిన సమయం చూసి, తోటి సిబ్బందితో ఓడ కదిలించారు. దారిలో భార్యాపిల్లల్ని, ఇతర కుటుంబాలను ఎక్కించుకున్నారు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఫోర్ట్ సమ్టర్ కోట ముందు సరైన ఈల సంకేతమిచ్చి దాటిపోయారు. తర్వాత తెల్ల దుప్పటి ఎగరేసి ఓడను ఉత్తరాది నౌకాదళానికి అప్పగించారు. పదహారుమందికి స్వేచ్ఛ దొరికింది.

తర్వాత అదే ఓడకు కెప్టెన్ అయ్యారు. తను బానిసగా పుట్టిన చోట యజమాని ఇంటినే కొనుక్కున్నారు. పెద్దయ్యాక చదువు నేర్చుకుని, 1875లో అమెరికా ప్రతినిధుల సభలో అడుగుపెట్టారు.

అయితే మన సభ్యులు గమనించవలసిన సంగతి వేరే ఉంది. యుద్ధంలో ఆయనది లాంఛనమైన నియామకం కాదు. నౌకాదళ విశ్రాంత అధికారుల జాబితాలో చేర్చాలన్న ప్రయత్నం 1880లలో ఫలించలేదు. చివరకు 1897లో ప్రత్యేక చట్టం చేసి నెలకు 30 డాలర్ల పింఛను ఇచ్చారు. అంటే ఓడ తెచ్చిన 35 ఏళ్లకు!

నా సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ కనబడలేదని నా పింఛను రెండేళ్లు ఆగింది. ఆ రోజుల్లో ఇంటి ఖర్చుకు మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టవలసి వచ్చింది. చేసిన పనికి కాగితం అడ్డం రావడం ఎంత బాధో నాకు తెలుసు. స్మాల్స్ గారు 1915లో ఆ యజమాని ఇంట్లోనే కన్నుమూశారు. మిత్రులారా, మీ కాగితాలు ఒకసారి సరిచూసుకోండి. మన సంఘంలో పింఛను అందని వారు ఎవరున్నా వారి పక్షాన నిలబడదాం.