భిన్నముల బెదురు తీర్చిన మహావీరాచార్యుడు

భిన్నముల పాఠము వచ్చినంతనే చిన్న తరగతుల బాలురు బెదరుదురు. అర, పాతిక, వీసము అనునవి ఇంట పెద్దల నోట వినునవే. అయినను అవి లవ హారములుగా పలకపై నిలిచినపుడు క్రొత్తవిగా తోచును. ఆ బెదురు తీర్చు మార్గమును వేయేండ్లకు పూర్వమే చూపిన మహనీయుని చరిత్రమును ఇచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

మహావీరాచార్యుడు క్రీ. శ. 9వ శతాబ్దమున కర్ణాట దేశమున వెలసిన జైన పండితుడు. రాష్ట్రకూట చక్రవర్తి యగు అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఆ చక్రవర్తి రాజధాని మాన్యఖేటము. నేటి కలబురగి జిల్లాలోని మళఖేడయే అది. ఆర్యభట, బ్రహ్మగుప్తుల గ్రంథములలో గణితము జ్యోతిషముతో కలిసియుండగా, ఈయన గణితమునకే ఒక గ్రంథమును అంకితము చేసెను. ఈ ఆచార్యుని జీవితమును ఆ గ్రంథమునందే చూడవలయును.

అందు భిన్నములకు కలాసవర్ణమను ప్రకరణము కలదు. 1/6, 1/4 కలుపవలెనన్న హారములను గుణించి 24 తెచ్చుట ఒక పద్ధతి. మహావీరుడు రెండు హారములకును సరిపడు కనిష్ఠ సంఖ్యను గ్రహింపుమనెను; దానికి నిరుద్ధమని పేరిడెను. ఇచట అది 12. అప్పుడు 2/12, 3/12 కలిసి 5/12 అగును. నేడు మనము క.సా.గు. అనునది ఇదియే.

లవము ఒకటిగా గల భిన్నములను ఎన్నింటినైనను కూర్చి ఒకటిని సాధించు సూత్రమును కూడ ఆయన చెప్పెను. 1/2, 1/3, 1/6 కలిసిన 1. 1/2, 1/3, 1/9, 1/18 కలిసినను 1. ఒక జొన్నరొట్టెను తమ్మునిచేతనే ఆరు సమభాగములు చేయించుడు. మూడు భాగములు ఒకరికి, రెండు మరియొకరికి ఇప్పించుడు. మిగిలినది ఆరవ వంతని వాడే చెప్పును. చేత పంచిన పిమ్మట పలకపై వ్రాసినచో సూత్రము భారము కాదు.

11వ శతాబ్దమున పావులూరి మల్లన ఈ గ్రంథమును తెనుగు పద్యములలో వెలయించెను; జైన ఉదాహరణములకు మారుగా శైవ ఉదాహరణములను చేర్చెను. 1912లో రంగాచార్యుడు మూలమును ఆంగ్లానువాదముతో మద్రాసున ప్రకటించెను.

కన్నడ నేలపై తెలుగున చదువుకొను మనకు ఈ చరిత్ర మిక్కిలి ఆప్తము. గురువు ఈ నేలవాడు. ఆ విద్యను మన నుడిలోనికి తెచ్చినవాడు మనవాడు. గణితము తెలుగున ఇమడదను మాటకు మల్లన ఏనాడో సమాధానము చెప్పెను. పై తరగతులవారు తమ తమ్ములకు, చెల్లెండ్రకు ఇంటిమాటలతోనే భిన్నములు నేర్పుదురుగాక యని కోరుచున్నాము.