పెరటి చెర్రీల పెద్ద కథ
డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ జీవితంలో ఒక ఘట్టం

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వసంతం రాగానే పొటోమాక్ నదిప్రక్కనున్న సరోవరం చుట్టూ జపాను చెర్రీచెట్లు విరగబూస్తాయి. ఆకు తొడగక మునుపే కొమ్మలన్నీ తెల్లగా, లేత గులాబిగా నిండిపోతాయి. ఆ పూలు నిలిచేది కొద్దిదినములే. అయినా వాటిని చూచుటకై జనం దూరప్రాంతములనుండి తరలివస్తారు. ఈ వైభవానికి తొలి పరీక్ష జరిగినది రాజోద్యానంలో కాదు. ఒక గృహస్థుని పెరటిలో. ఆ గృహస్థు డేవిడ్ ఫెయిర్‌చైల్డ్.

ఆయన 1869 ఏప్రిల్ 7వ తేదీన మిచిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్‌లో జన్మించాడు. తండ్రి కాన్సాస్ వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుడైనందున బాల్యం అక్కడే గడిచింది. మొక్కల తెగుళ్లను గూర్చి చదివి, ప్రభుత్వ వ్యవసాయశాఖలో ఉద్యోగం సంపాదించాడు. 1893లో ఇటలీకి పోతూ ఓడలో బార్బర్ లాత్రప్ అనే ధనవంతుని కలుసుకొన్నాడు. లాత్రప్‌కు దేశాటనమంటే ప్రాణం. ఫెయిర్‌చైల్డ్‌కు మొక్కలంటే ప్రాణం. ఆ ధనము, ఈ విద్య జతపడి ఇద్దరూ దేశదేశాలు తిరిగారు. 1898లో విదేశీ విత్తనములను, మొక్కలను తెప్పించే కార్యాలయం వ్యవసాయశాఖలో ఏర్పడగా దాని భారం ఫెయిర్‌చైల్డ్‌పై పడింది. అరబ్బుల ఖర్జూరాలు, మన దేశపు మామిళ్లు మొదలైన వెన్నో ఆ కార్యాలయం ద్వారా అమెరికా నేలను చేరాయి.

1902లో ఆయన జపాను చూశాడు. అక్కడివారు చెర్రీని పండుకోసం గాక పువ్వుకోసం పెంచుతారు. రేకు చెర్రీలు, ముద్ద చెర్రీలు, కొమ్మలు నేలకు వ్రేలాడే చెర్రీలు అని ఎన్నో జాతులు. ముద్దపూలలో కేసరములు రేకులుగా మారిపోవుటచేత అవి కాయలు కాయుట అరుదు. కాచిన జాతుల విత్తు నాటినా తల్లిగుణం తప్పక వస్తుందని నమ్మకం లేదు. అందుచేత జపాను తోటమాలులు అడవిచెర్రీ మొదలుకు మేలుజాతి కొమ్మను అంటుగట్టి, తమ జాతులను తరతరాలుగా కాపాడుకొన్నారు.

1905లో ఫెయిర్‌చైల్డ్, టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహంబెల్ కుమార్తె మేరియన్‌ను వివాహమాడాడు. వాషింగ్టన్ పొలిమేరలో, మేరీలాండ్‌లోని చెవీచేజ్ వద్ద దంపతులు స్థలం కొని ఇల్లు కట్టుకొన్నారు. 1906లో ఆయన యోకహామా నర్సరీ కంపెనీకి వ్రాసి నూరుకు తగ్గని చెర్రీమొక్కలను కొని తెప్పించాడు. వ్రేలాడే జాతి కొన్ని, నిటారు జాతులు కొన్ని. ఆ ఎన్నికలో వివేకమున్నది. ఒక్క జాతినే కొన్నచో, అది ఆ చలికి తాళనినాడు శ్రమ అంతా వ్యర్థమే. పలుజాతులను ఒకే కొండవాలున నాటినచో, ఏది నిలుచునో, ఏది నశించునో నేలయే చెప్పుతుంది. చలికాలం గడిచింది. చెట్లు నిలిచాయి, పూచాయి.

పూచిన చెట్టును తన కంచెలోపలనే దాచుకొనుట ఆయన స్వభావం కాదు. 1907లో ఆ దంపతుల ప్రోత్సాహంతో చెవీచేజ్ భూముల కంపెనీవారు తమ వీధులకై 300 చెర్రీమొక్కలు తెప్పించారు. 1908లో వృక్షారోపణ దినోత్సవం వచ్చినప్పుడు ఫెయిర్‌చైల్డ్ రాజధానిలోని ప్రతి పాఠశాలనుండి బాలురను రప్పించి, పాఠశాల ఆవరణలో నాటుటకు తలా ఒక చెర్రీమొక్క ఇచ్చాడు. ఆనాటి ఉపన్యాసం ముగిస్తూ నదీతీరపు బాటను చెర్రీవనంగా మార్చవలెనని కోరాడు. సభలో ఎలైజా సిడ్‌మోర్ అనే రచయిత్రి ఉన్నది. జపానును బాగా ఎరిగిన ఆమె 1885నుండి ఇదే మాటను అధికారులతో చెప్పి, వినేవారు లేక విసిగియున్నది. ఆమెకు తోడు దొరికింది.

1909లో ఆమె అధ్యక్షుని భార్య హెలెన్ టాఫ్ట్‌కు లేఖ వ్రాసింది. శ్రీమతి టాఫ్ట్ వెంటనే ఒప్పుకొన్నది. ఆ సమయంలో అక్కడ ఉన్న జపాను రసాయనశాస్త్రజ్ఞుడు తకమినె పూనికతో టోక్యో నగరం 2,000 చెట్లను కానుకగా పంపింది. 1910 జనవరిలో అవి రాజధాని చేరాయి. వ్యవసాయశాఖ పరీక్షకులు వాటి కట్టలు విప్పి చూడగా వేళ్లకు పురుగులు, కొమ్మలకు తెగుళ్లు కనిపించాయి. దేశంలోని పండ్లతోటలకు ఆ చీడ సోకినచో ఎందరి బ్రతుకులో చెడిపోతాయి. చెట్లను దహింపక తప్పదని నిశ్చయించిన కీటకశాస్త్రజ్ఞులలో చార్లెస్ మార్లాట్ ముఖ్యుడు. ఆయన కూడా ఫెయిర్‌చైల్డ్ వలెనే కాన్సాస్‌లో పెరిగినవాడు. జనవరి 28వ తేదీన అధ్యక్షుడు సమ్మతించాడు. స్నేహచిహ్నంగా వచ్చిన చెట్లు మంటల పాలయ్యాయి.

పరదేశపు మొక్కలను తెచ్చుటే జీవితధర్మంగా పెట్టుకొన్న ఫెయిర్‌చైల్డ్‌కు ఇది కఠినపరీక్ష. ఆయన స్వయంగా తెగుళ్ల శాస్త్రం చదివినవాడు. పరీక్షకులు చూపిన చీడ ఎంతటిదో ఆయనకు మరొకరు చెప్పనక్కరలేదు. అయితే పరదేశపు మొక్కల రాకను కట్టడి చేయవలెనన్న మార్లాట్ పట్టుదలకు, ఆయన పూనికకు పొత్తు కుదరలేదు. 1912లో మొక్కల నిర్బంధచట్టం వచ్చి, తనిఖీ లేని దిగుమతులకు అడ్డుకట్ట వేసింది.

టోక్యోవారు నొచ్చుకొని ఊరుకోలేదు. పురపాలకాధ్యక్షుడు ఒజాకి ఈసారి పని మొదటినుండి ఆరంభింపజేశాడు. అరకవా నదీతీరపు మేలైన చెట్లనుండి కొమ్మలు తీసి, పరీక్షించి ఎన్నుకొన్న మొదళ్లకు అంటుగట్టించారు. ఆ లేతమొక్కలు 12 జాతులవి 3,020, 1912 ఫిబ్రవరిలో యోకహామానుండి బయలుదేరి, మార్చి 26వ తేదీన వాషింగ్టన్ చేరాయి. ఈసారి పరీక్షకులు దోషమెన్నలేదు. మరునాడు శ్రీమతి టాఫ్ట్, జపాను రాయబారి భార్య చిందా సరోవరపు ఉత్తరపుగట్టున మొదటి రెండు మొక్కలు నాటారు. ఆనాడు వచ్చినవానిలో 1,800 యోషినోజాతివి.

ఫెయిర్‌చైల్డ్ తరువాత ఫ్లారిడాకు చేరి, ఉష్ణదేశపు వృక్షముల నడుమ జీవించాడు. అక్కడ 1938లో తెరచిన ఉద్యానానికి ఆయన పేరే పెట్టారు. 1954 ఆగస్టు 6వ తేదీన ఆయన కన్నుమూశాడు.

మొక్క కొనేవాడు పూవును మాత్రమే చూచిన చాలదు. వేరును చూడవలెను, అంటును చూడవలెను, ఆ నేలకు, ఆ చలికి ఏది తగునో నాటి చూడవలెను. దహనమైన 2,000 చెట్లు, బ్రతికిన 3,020 మొక్కలు కలిసి నేర్పిన పాఠమిది. ఫెయిర్‌చైల్డ్ చేసినది మొదటి ప్రయోగం. తన ఖర్చుతో, తన పెరటిలో నాటి చూచి, పిమ్మట బడిపిల్లల చేతికి మొక్క అందించాడు.