సౌలు రాజు చరిత్రము

ఇశ్రాయేలీయుల మొదటి రాజగు సౌలు పేరు మన పాఠశాల బాలబాలికలలో నెఱుగనివారు లేరు. అయినను వారెఱిగిన సౌలు దావీదుపై ఈటె విసరిన సౌలు మాత్రమే. ఆ మనుష్యుడు అట్లేల మాఱెనో, మాఱకముందు ఎట్టివాడై యుండెనో ఆలోచించువారు కొద్ది. సమూయేలు మొదటి గ్రంథమును ఓపికతో చదివినయెడల, సౌలు మంచివాడుగనే ప్రారంభించెనని తెలియును. కావుననే అతని కథ మాకు భయము పుట్టించుచున్నది.

సౌలు క్రీస్తునకు పూర్వము 11వ శతాబ్దమువాడు. మన నెల్లూరు సీమలో సముద్రము తూర్పునను వెలిగొండలు పడమటను ఉన్నవి. ఆ దేశమున దీనికి తలక్రిందుగా సముద్రము పడమటను కొండలు తూర్పునను ఉన్నవి. తీరపు మైదానములో గాజా, అష్కెలోను, అష్డోదు మొదలగు పట్టణములు ఫిలిష్తీయులవి. కొండలలో ఇశ్రాయేలు గోత్రములు కాపురముండిరి. ఫిలిష్తీయులు ఇశ్రాయేలీయులలో కమ్మరి యనువాడు లేకుండ జేసిరి. నాగటి కఱ్ఱు పదును చేయించుకొనవలెనన్నను రైతు కొండ దిగి శత్రువు కొలిమికే పోవలెను. అందుకై యిచ్చు వెలను తెలుపు పీము అను మాట అర్థము కాక, పాత ఇంగ్లీషు అనువాదకులు దానిని ఆకురాయి యని వ్రాసిరి. 20వ శతాబ్దములో ఆ మాట చెక్కిన చిన్న తూనికరాళ్లు దొరికిన పిమ్మట, అది మన తులములో ఇంచుమించు మూడింట రెండు వంతుల తూకమని తేలినది. అంత వెండి యిచ్చి కఱ్ఱు సానపట్టించుకొను జనము రాజును కోరుటలో వింత యేమున్నది?

సౌలు బెన్యామీను గోత్రికుడైన కీషు కుమారుడు. జనులలో ఎవ్వరును అతని భుజములకు మించి యెత్తు లేరు. తండ్రి గాడిదలు తప్పిపోగా ఒక పనివానితో మూడు దినములు వెదకి, గాడిదల మాట విడిచి తండ్రి తమకొఱకే చింతపడునేమోయని యిల్లు చేరదలచెను. ఈ చిన్న సంగతిలో ఆ యువకుని హృదయము తెలియుచున్నది. పనివాడు చెప్పగా, వానియొద్దనున్న పావు తులము వెండి కానుకగా నుంచుకొని, దైవజనుడగు సమూయేలును చూడబోయెను. సమూయేలు అతనిని ముప్పదిమంది అతిథులలో ప్రధాన స్థలమున కూర్చుండబెట్టి, మఱునాడు తైలముతో అభిషేకించెను. ఇంటికి వచ్చిన పిమ్మట పినతండ్రి గ్రుచ్చి యడిగినను సౌలు గాడిదలు దొరికిన సంగతియే చెప్పెను గాని రాజ్యపు సంగతి యెత్తలేదు. మిస్పాలో చీటి అతని పేర వచ్చినపుడు సామానులలో దాగియుండెను.

రాజైన తరువాతను అతడు ఎడ్ల వెంట పొలమునుండి వచ్చుచుండగా, యాబేషు గిలాదువారి మొఱ వినబడెను. అమ్మోనీయుడైన నాహాషు ఆ పట్టణమువారందఱి కుడికన్ను పెఱికివేయుదునని బెదరించెను. వారు ఏడు దినములు గడువు పుచ్చుకొనిరి. సౌలు 3,30,000 మందిని కూర్చి, వేకువజామున శత్రువుల మీదబడి వారిని చెదరగొట్టెను. అంతకుముందు తనను హీనముగా మాటలాడినవారిని జనులు చంపదలపగా అతడు వలదని వారించి, ఆనాటి రక్షణ దేవునిదని చెప్పెను. సౌలు జీవితమంతటిలో ఇంతటి గొప్ప దినము మఱియొకటి లేదని మా యభిప్రాయము. ఈ యాబేషువారిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మొదటి జాఱుపాటు గిల్గాలులో. ఫిలిష్తీయులు సముద్రతీరపు ఇసుకవలె మిక్మషులో దిగిరి. ఇశ్రాయేలీయులు గుహలలోను పొదలలోను దాగిరి. సమూయేలు వచ్చువఱకు ఏడు దినములు ఆగవలసి యుండెను. ఏడవ దినమును వచ్చెను, సమూయేలు రాలేదు, సైన్యము జాఱిపోవుచుండెను, తుదకు మిగిలినది 600 మంది. సౌలు తానే దహనబలి అర్పించెను. అది ముగియగానే సమూయేలు వచ్చెను. ఇచ్చట సౌలుపై జాలిపడని వారెవరు? అయినను, జనులు చెదరుచుండగా దేవుని మాట నిలుచునా యనునదే ఆనాటి పరీక్ష.

రెండవసారి అట్టి యిబ్బంది యేదియు లేదు. ఐగుప్తునుండి వచ్చుచున్న ఇశ్రాయేలీయులలో అలసి వెనుకబడినవారిని మార్గమున హతముచేసిన అమాలేకీయులను, వారి పశువులతో కూడ నిర్మూలము చేయవలెనని ఆజ్ఞ కలిగెను. ఈ యాజ్ఞ కఠినమైనది. పై తరగతుల విద్యార్థులు దీనినిగూర్చి అడుగుచుందురు. అడుగుట తప్పు కాదు. అయితే సౌలు ఆజ్ఞ మీఱినది దయచేత కాదని గమనింపవలెను. దయచేతనైనచో పసిబిడ్డలు మిగిలియుందురు. మిగిలినవారు అగగు అను రాజును, క్రొవ్విన పశువులును. పనికిరాని వానిని మాత్రము ఆజ్ఞ ప్రకారము చంపిరి.

మన జిల్లావారికి ఈ శోధన బాగుగ తెలియును. నెల్లూరి గొఱ్ఱెలు భారతదేశమందలి ఎత్తైన గొఱ్ఱెజాతులలో నొకటి. మన ఒంగోలు పశువుల సంతతి నెల్లూరి పేరుతోనే సముద్రములు దాటి బ్రెజిలు దేశమున విస్తరించినది. మేలైన పొట్టేలును చూచి చేతులాడకుండుట రైతులకు వింత కాదు.

సమూయేలు ఆ రాత్రియంతయు దేవునికి మొఱపెట్టెను. ఉదయమున బయలుదేరగా, సౌలు కర్మెలులో తనకొఱకు జ్ఞాపకస్తంభము నిలిపెనని తెలిసెను. సామానులలో దాగిన ఆ యువకుడే యితడు! గిల్గాలులో ఎదురై, తాను ఆజ్ఞ నెఱవేర్చితినని సౌలు సంతోషముతో చెప్పుచుండగనే గొఱ్ఱెలు అఱచినవి. అవి బలికొఱకని చెప్పెను. దాచినవారు జనులని చెప్పెను. కడకు జనులకు భయపడితినని ఒప్పుకొనెను. దేవునికి బలులకంటె విధేయతయే ఇష్టమని సమూయేలు తెలిపి మరలిపోబోగా, సౌలు అతని వస్త్రపు చెంగు పట్టుకొనెను, అది చినిగెను. రాజ్యము అట్లే నీనుండి చింపబడినదని సమూయేలు పలికెను.

అప్పుడైనను సౌలు అడిగినదేమి? పెద్దల యెదుట తనను ఘనపఱచుమని. దావీదు పాపము చిన్నదా యని కొందఱు మమ్మడుగుదురు. ఊరియాను చంపించుట చిన్నది కాదు. కాని నాతాను తప్పు చూపినపుడు దావీదు ఎవరిమీదను నేరము మోపలేదు. తన పరువు నిలుపుమని వేడుకొనలేదు. మా బుద్ధికి తోచిన భేదము ఇదియే. సమూయేలు మాత్రము సౌలుకొఱకు దుఃఖించెను; తన మరణమువఱకు అతని దర్శింపను పోలేదు.

తరువాతి కథ మీరెఱిగినదే: సితారా వాయించు దావీదు, గొల్యాతు, స్త్రీల పాటలు, అసూయ, ఈటె. ఒక్కటి మాత్రము చెప్పక తీఱదు. దావీదునకు రొట్టె యిచ్చిరని సౌలు నోబులోని 85 మంది యాజకులను చంపించి, ఆ పట్టణపు స్త్రీలను, చంటిబిడ్డలను, ఎడ్లను, గొఱ్ఱెలను సహితము కత్తిపాలు చేయించెను. అమాలేకీయులయెడ పూర్తిగ చేయని పనిని స్వజనులయెడ పూర్తిగ చేసెను.

కడపటి యుద్ధమునకు ముందు దేవుడు అతనికి ఏ విధమునను ఉత్తరమీయలేదు. కర్ణపిశాచము గలవారిని దేశమునుండి వెడలగొట్టినవాడే మాఱువేషముతో రాత్రివేళ ఏన్దోరులోని అట్టి స్త్రీయొద్దకు, మన పల్లెలలో సోదె అడుగబోవువారివలె పోయెను. చనిపోయిన సమూయేలు మాట విని నేలగూలెను. ఆ దినమంతయు అతడు తినలేదు. ఆ స్త్రీ తన క్రొవ్విన దూడను వధించి, రొట్టెలు కాల్చి, బలవంతపెట్టి తినిపించెను. ఆమె దయను తక్కువగా నెంచుటకు మాకు మనసొప్పదు.

మఱునాడు గిల్బోవ కొండపై యోనాతానును, మఱి యిద్దఱు కుమారులును కూలిరి. బాణములు తగిలిన సౌలు తన కత్తిమీద తానే పడి మరణించెను. ఫిలిష్తీయులు అతని మొండెమును బేత్షాను గోడకు తగిలించిరి. ఆ పట్టణపు దిబ్బను 1921 మొదలు 1933 వఱకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు త్రవ్వి, పలు కాలముల దేవాలయములను వెలికితీసిరి.

ఈ వార్త యాబేషు గిలాదునకు చేరెను. ఒకప్పుడు కన్నులు దక్కించుకొన్న ఆ పట్టణపు బలశాలులు లేచి, రాత్రియంతయు నడిచి, శత్రువుల గోడనుండి సౌలు శవమును, అతని కుమారుల శవములను దించి, తమ ఊరికి కొనిపోయి దహించి, ఎముకలను చెట్టుక్రింద పాతిపెట్టి ఏడు దినములు ఉపవాసముండిరి. చాలకాలమునకు దావీదు ఆ యెముకలను తెప్పించి, బెన్యామీను దేశమందు సేలాలోనున్న కీషు సమాధిలో పాతిపెట్టించెను.